బానెట్ కింద పసుపు ముడుపు

మా పికప్ బ్రేకు మొదటిసారి రాయిలా బిగుసుకుపోయింది చిక్కపేటలో, మిట్టమధ్యాహ్నం. ముందు ఒక తోపుడు బండి, దాని మీద చీరల మూటలు, దాన్ని తోస్తున్న మనిషి వీపు. వెనక మా బండి, దాని నిండా స్కూలు యూనిఫారాల గుడ్డ. స్టీరింగు దగ్గర మా నాయన. పక్క సీట్లో నేను, ఫోన్లో ఒక టైలరుతో గొడవ పడుతూ.

నాయన బ్రేకు తొక్కాడు. పెడలు దిగలేదు. మళ్ళీ తొక్కాడు. దిగలేదు. రెండు కాళ్ళూ పెట్టి, స్టీరింగు పట్టుకుని, సీట్లోంచి లేచి నిలబడినంత పని చేసి తొక్కాడు. బండి ఆ మనిషి వీపుకు జానెడు దూరంలో ఆగింది.

ఆయన వెనక్కి తిరిగి చూశాడు. బండిలోని నీలం గుడ్డ, తెల్ల గుడ్డ చూశాడు. "ఏమప్పా, నాకెందుకు యూనిఫారం? నా ఇస్కూలు వయసు దాటిపొయ్యింది" అన్నాడు.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. మా నాయన కూడా నవ్వాడు. నేను నవ్వలేదు. ఫోన్లో టైలరు ఇంకా అరుస్తూనే ఉన్నాడు, నాకు వినిపించడం లేదు.

"ఏం లేదులే పాపా, బ్రేకు కొంచం మొండికేసింది" అన్నాడు నాయన.

మొండికేయడానికి అదేమన్నా మేకపిల్లా!

నేను నవ్వకపోవడానికి ఒక కారణం ఉంది. ఆ బండి నా మాట మీద కొన్నది. మాది కాటన్‌పేట. చిక్కపేట హోల్‌సేల్ అంగళ్ళలో గుడ్డ తీసుకుని ఊరంతా ఉండే టైలర్లకు చేర్చడం మా నాయన పని. ఏళ్ళ తరబడి అద్దె టెంపోల కోసం ఫుట్‌పాత్ మీద నిలబడి ఎదురు చూసేవాడు. ఏడాది కింద నేనే ఫోన్లో ఈ సెకండ్‌హ్యాండ్ పికప్‌ను పట్టుకుని, వారం రోజులు ఆయన వెంటపడి ఒప్పించాను. "పాత బండి అంటే ఎవరిదో పాత జబ్బు కొనుక్కున్నట్ల" అన్నాడు. "ఏ జబ్బుకు ఏ మందో నా ఫోన్లో ఉండాది" అన్నాను.

నిజంగానే ఉండింది. బండి చూడటానికి పోయినరోజు ఆ మోడల్‌కు వచ్చే రోగాలన్నీ జాబితా రాసుకుని పోయాను. రెండో గేరులో క్లచ్ పట్టేస్తుంది. వానకు హెడ్‌లైట్లోకి నీళ్ళు దిగుతాయి. వెనక తలుపు గొళ్ళెం గతుకుల్లో దానంతట అదే ఊడుతుంది. బరువు ఎక్కువైతే చక్రాల మీది కమాన్ పట్టీలు కీచుమంటాయి. ఒక్కొక్కటీ చదివి, ఒక్కొక్కటీ చూసి, ఫొటో తీసుకున్నాను. బ్రోకరు చెమటలు తుడుచుకున్నాడు.

"ఏమ్మా, బండి కొంటాండావా, పెండ్లికొడుకును చూస్తాండావా?" అన్నాడు.

"పెండ్లికొడుకైతే ఇంత చూడను. బానెట్ ఎత్తు" అన్నాను.

ఎత్తాడు. లోపల ఇంజను పక్కన ఒక నల్లటి రబ్బరు పైపు. దాని నడుమ చుట్టలు చుట్టలుగా పసుపు గుడ్డ, గట్టి ముడి, ముడి మధ్య రూపాయి బిళ్ళంత గుండ్రటి ఉబ్బు. ముడుపు.

బ్రోకరు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మా నాయన చెప్పులు వదిలాడు. ఇంజనుకు దండం పెట్టిన మనిషిని నేను చూడటం అదే మొదలు.

"ఎవరి మొక్కో. మనం ముట్టుకోకూడదు" అన్నాడు.

ముడుపు సంగతి మా ఇంట్లో నాకంటే బాగా ఎవరికీ తెలీదు. నా డిగ్రీ కోసం మా అమ్మ దేవుడి గూట్లో ఒకటి కట్టింది. ఒక సబ్జెక్టు మిగిలిపోయి, అది మూడేళ్ళు విప్పకుండా అక్కడే ఉండింది. ప్రతిరోజూ దీపం పెట్టేటప్పుడు దానికేసి, తర్వాత నాకేసి చూసేది. కట్టినవాళ్ళే విప్పాలి, పని అయ్యాకే విప్పాలి. వేరేవాళ్ళు ముట్టుకుంటే ఆ మొక్కు వాళ్ళ మెడకు చుట్టుకుంటుంది. అందుకే బ్రోకరు విప్పలేదు, మేమూ విప్పలేదు. ఫొటో మాత్రం తీసుకున్నాను. అలవాటు.

చిక్కపేట గండం గడిచిన రోజే బండిని మా సందు చివరి మెకానిక్‌కు చూపించాం. నన్ను చిన్నప్పటి నుంచి చూసిన మనిషి. చక్రాలు విప్పాడు, బ్రేకు ప్యాడ్లు మార్చాడు, ఆయిల్ మార్చాడు, పైపుల్లో గాలి తీశాడు. నాలుగు రోజులు బాగుంది. ఐదో రోజు ఎండలో, ట్రాఫిక్‌లో నిలబడి నిలబడి ఇంజను వేడెక్కాక పెడలు మళ్ళీ రాయి. మళ్ళీ తీసుకుపోయాం. మళ్ళీ ఏదో మార్చాడు. మూడోసారి నేను వాళ్ళ షెడ్డు ముందు నిలబడి అరిచాను.

"అన్నా, నువ్వు బండి బాగు చేస్తాండావా, బండితో ఆడుకుంటాండావా?"

"అరవాకమ్మా. నా కాడికొచ్చినపుడు బాగానే ఉండాది కదా. దానికి నేనంటే బయం."

"దానికి నువ్వంటే బయం, నాకు అదంటే బయం!"

ఆయన బానెట్ ఎత్తి లోపలికి చూశాడు. చాలాసేపు చూశాడు. చూసి, ఒక దండం పెట్టి, బానెట్ మూశాడు. అప్పుడు నాకు అర్థం కాలేదు.

స్కూళ్ళు తెరిచే సీజను. మా నాయనకు ఏడాదిలో నిద్ర లేని నెల. రోజుకు ఆరేడు చోట్లకు సరుకు దించాలి. పొద్దున ఆయన బండి ఎక్కి పోయాడంటే, తిరిగి సందులో హారన్ వినిపించేదాకా నా వేలు ఫోన్లో లొకేషన్ చుక్క మీదే. ఆ నీలం చుక్క ఎక్కడైనా ఐదు నిమిషాలు కదలకపోతే ఫోన్ చేసేదాన్ని. "సిగ్నల్లో ఉండా పాపా. తోలేటపుడు ఫోన్ చెయ్యాకు, యాక్సిడెంట్ అయితాది" అని తిట్టేవాడు. ఎవరు ఎవరికి జాగ్రత్త చెప్తున్నారో చూడండి.

ఆ భయంతోనే ఒక సాయంత్రం ఈ మోడల్ పికప్‌ల ఓనర్ల గ్రూపులో దూరాను. లోడింగ్ వాళ్ళు, కూరగాయల వాళ్ళు, ఫర్నిచర్ వాళ్ళు, అందరూ అక్కడే. "బ్రేకు పెడలు గట్టిపడుతోంది, వేడెక్కాకే, ఎవరికైనా ఉందా?" అని పెట్టాను. పది నిమిషాల్లో ఒకాయన జవాబిచ్చాడు. "రీకాల్ చూసుకున్నారా?"

రీకాల్ అంటే, తయారుచేసిన కంపెనీయే ఒక భాగంలో తప్పు ఉందని ఒప్పుకుని, బండ్లను పిలిచి, ఉచితంగా మార్చి పంపడం. ఆయన నోటీసు కూడా పెట్టాడు. మన కాలికి తోడుగా ఇంజను బలాన్ని బ్రేకుకు అందించే రబ్బరు పైపు ఒకటి ఉంటుంది. కొన్ని బండ్లలో అది వేడికి చిట్లుతోంది. చిట్లితే ఆ బలం పోతుంది, మన కాలొక్కటే మిగులుతుంది. పెడలు రాయి అవుతుంది. ఫొటోలు కూడా ఉన్నాయి. పాత పైపు ఉత్త నలుపు. కొత్త పైపు మీద ఈ చివర నుంచి ఆ చివరకు తెల్ల గీత.

ఫొటోలోని పైపు నాకు తెలుసు. ముడుపు కట్టిన పైపు.

వెంటనే కంపెనీ సైట్లో మా బండి ఛాసీ నంబరు కొట్టాను. తిరిగింది, తిరిగింది. తర్వాత ఒక పచ్చ టిక్కు వచ్చింది. ఈ బండికి రీకాల్ పని పూర్తయింది.

పచ్చ రంగు చూసి అంత కోపం నాకెప్పుడూ రాలేదు. కిందికి పరుగెత్తి, టార్చ్ వేసి, బానెట్ ఎత్తి చూశాను. ముడుపు చుట్టలు పైపును దాదాపు చివరిదాకా కప్పేశాయి. కనబడుతున్న ఇంత ముక్క నూనె మసితో నల్లగా ఉంది. వేలితో తుడిచాను. తెల్ల గీత లేదు.

నాయన వెనక నిలబడి ఉన్నాడు. ఫోన్ చూపించాను.

"అయిపోయిందని రాసినారు కదా!" ఆయన ముఖం వెలిగిపోయింది. "కంపెనీవాళ్ళే చేసినారంటే ఇంగేం?"

"చేయలేదు నాయనా. గీత లేదు చూడు."

"గీత గుడ్డ కింద ఉంటాది."

"అయితే గుడ్డ విప్పి చూస్తాం."

"చెయ్యి తియ్యి!"

మా నాయన నా మీద అరవడం తక్కువ. ఆ అరుపుకు పక్కింటివాళ్ళ కిటికీ తెరుచుకుంది. నేనూ తగ్గలేదు. బండి తాళం తీసి నా జీన్స్ జేబులో వేసుకున్నాను.

"తాళం ఇటియ్యి."

"ఇయ్యను."

"సీజను పాపా ఇది. టైలర్లు నా ప్రాణం తీస్తాండారు."

"వాళ్ళు తీయకపోతే ఈ బండి తీస్తాది!"

మేడ మీద నుంచి అమ్మ "ఆ మాట వెనక్కి తీసుకో!" అంది. తీసుకోలేదు. మాట వెనక్కి తీసుకుంటే తాళం కూడా ఇవ్వాల్సి వస్తుందని.

చివరికి నాయన మెట్టు మీద కూర్చున్నాడు. కాసేపు మోకాళ్ళు రుద్దుకున్నాడు. "నేను దాన్ని ముట్టుకోను, నిన్ను ముట్టుకోనీయను. కట్టినాయన వచ్చి విప్పితే నాకేమీ లేదు. రేపంతా టైమిస్తా. ఎల్లుండి పొద్దున సరుకుంది, నేను బండి తీస్తా. ఇంగో తాళం నా కాడ కూడా ఉండాది."

ఉందని నాకు తెలీదు.

కట్టినాయన ఎవరు? బండి బ్రోకరు ద్వారా వచ్చింది, ఆ బ్రోకరు ఫోన్ ఎత్తడం మానేశాడు. కానీ కొన్నరోజు నేను తీసిన ఫొటోలు నా దగ్గరే ఉన్నాయి. గొళ్ళెం ఫొటోలో, వెనక తలుపు మీద, మేము రంగు వేయకముందు ఉన్న రాతలు. ఆకుకూరలు, కాడుగోడి, కింద ఒక ఫోన్ నంబరు. ఆ ఫోన్ను పొయ్యిలో పెట్టమని రోజుకు నాలుగుసార్లు చెప్పే మా నాయనకు ఆ ఫొటో పెద్దది చేసి, కళ్ళ ముందు పట్టుకుని నిలబడ్డాను. అంతకంటే గొప్ప సుఖం లేదు.

పొద్దున్నే ఆ నంబరుకు చేశాను.

"ఎవురూ? కొత్తిమీరా, మెంతికూరా?" ముసలి గొంతు.

"కూర కాదు తాతా, బండి. మీ పాత పికప్ మేం కొన్నాం."

అవతల బేరాల గోల దూరమైంది. తర్వాత చాలా నెమ్మదిగా, "తెల్ల బండేనా? దాని బానెట్టు కింద ఏమన్నా ఉండాదా తల్లీ?" అన్నాడు.

"ఉండాది."

"విప్పినారా?"

"లేదు తాతా. ఎవ్వరమూ ముట్టుకోలేదు."

ఆయన వదిలిన ఊపిరి ఫోన్లో గాలివానలా వినిపించింది. "నువ్వు యాడుండావో చెప్పు, వస్తా. కాదు, నాకు దారి తెలీదు. నువ్వే వచ్చి తీసకపో" అన్నాడు.

మెజెస్టిక్‌లో మెట్రో ఎక్కి చివరి స్టేషన్ దాకా పోయాను. కాడుగోడి మార్కెట్లో ఆయన్ను వెతకాల్సిన పని పడలేదు. దారిలోకి మొహం పెట్టి, తడి గోనెసంచి మీద కొత్తిమీర కట్టల మధ్య కూర్చుని, వచ్చే ప్రతి మనిషినీ "నువ్వేనా? నువ్వేనా?" అని అడుగుతున్నాడు. కోలారు పక్క నుంచి వచ్చినవాడట. మాట మా అవ్వ మాటలా ఉంది.

నేను కూర్చోకముందే చెప్పడం మొదలుపెట్టాడు. తోటలో రెండు బోర్లు వేస్తే రెండూ దుమ్ము కొట్టాయి. మూడోదానికి ఏడుకొండలవాడికి మొక్కుకున్నాడు. బోరు పైపులు తెచ్చింది ఆ బండి మీదే కాబట్టి ముడుపు బండికే కట్టాడు. ఇంజను దగ్గరైతే ఎవరూ దొంగిలించరని, చేతికి అందిన పైపుకు.

"నీళ్ళు పడినాయా?"

"ఇదేంది మరి?" అని కొత్తిమీర కట్ట నా ముక్కు కింద పెట్టాడు. "కొండకు పోవాల అనుకుంటా ఉండగానే మోకాలి ఆపరేషను వచ్చె. నేను ఆసుపత్రిలో ఉండంగా నా కొడుకు బండి బ్రోకరుకు ఇచ్చేసినాడు. వానికి ముడుపు సంగతి తెలీదు. అప్పటి నుంచి నేను కొండ పక్కకు చూడలేదు తల్లీ. వట్టి చేతులతో ఏ మొకం పెట్టుకుని ఎక్కేది?"

నాకు మెత్తబడాలనిపించింది. కానీ అసలు ప్రశ్న మిగిలే ఉంది.

"తాతా, కంపెనీవాళ్ళు ఆ పైపు మార్చినామని రాసుకున్నారు. మార్చినారా?"

ఆయన కట్టలు సర్దడం మొదలుపెట్టాడు. సర్దినవే మళ్ళీ సర్దాడు.

"ఈడే క్యాంపు పెట్టినారు. ఉచితంగా మారుస్తామంటే పోయినా. బానెట్టు ఎత్తినారు. పసుపు గుడ్డ కోయాల అన్నారు. కోస్తే మీ చేతులు కోస్తా అన్నా. బండి తీసుకుని వచ్చేసినా."

"అయితే అయిపోయిందని ఎట్లా రాసినారు?"

"సైను చేసినా."

"ఏమని?"

"క్యాంపులో ఆయమ్మ ఎవురో, పాపం, ఎండలో నిలబడి ఫారమంతా రాసింది. బండి నంబరు, నా పేరు, మా ఊరు, అన్నీ. నేను వద్దనేసరికి ఆయమ్మ మొకం ఇంతయింది. రాసిన కాగితం చించేయడం ఎందుకని, ఒక సైను చేసి ఇచ్చినా."

"మర్యాదకు సైను చేసినావా!"

మార్కెట్టంతా మా వైపు తిరిగింది. పక్కన టమాటాలామె తూకం ఆపింది. నా నోటికి ఏది వస్తే అది అన్నాను. ఆ సైనుతో మా నాయన రెండు కాళ్ళతో బ్రేకు తొక్కుతున్నాడని, ముందు ఒక మనిషి వీపు ఉండిందని, జానెడే మిగిలిందని. ఆయన తల దించుకుని అంతా విన్నాడు.

"నా పెండ్లాం తర్వాత నన్ను ఇంత గట్టిగా తిట్టింది నువ్వే" అన్నాడు చివరికి. లేచి పంచె దులుపుకున్నాడు. టమాటాలామెతో "నా అంగడి చూసుకో" అని, రెండు కొత్తిమీర కట్టలు చంకలో పెట్టుకున్నాడు. "నడువు. కట్టింది నేనే, విప్పేదీ నేనే. మీ నాయనకు నేనే చెప్తా."

మెట్రోలో ఏసీ కింద నిలబడి ఆకులు తడుముకుని చూశాడు. "ఈ బండి నాకు అప్పుడే ఉండుంటే ఒక కట్ట కూడా వాడిపోయేది కాదు" అన్నాడు.

కాటన్‌పేటలో మా సందులో అప్పటికే జనం చేరారు. మా నాయన, మెకానిక్, పక్కింటివాళ్ళు, మేడ మీద అమ్మ. తాత కుళాయి దగ్గర కాళ్ళూ చేతులూ కడుక్కున్నాడు. బానెట్ ఎత్తగానే ఆయన మొహం చూసి నేను ఫోన్ కెమెరా ఆన్ చేయడం ఒక్క క్షణం మరిచిపోయాను. ఒక్క క్షణమే.

నూనె తాగిన ముడి రాయిలా బిగిసిపోయింది. ఎవరో కత్తెర తెస్తే తాత చూసిన చూపుకు కత్తెర వెనక్కి పోయింది. గోళ్ళతో, పళ్ళతో, వేడినీళ్ళతో, మధ్యలో గోవిందా అంటూ. చుట్ట తర్వాత చుట్ట. ఆఖరి చుట్ట ఊడింది.

తెల్ల గీత లేదు. ఉత్త నలుపు పైపు. దాని మీద చిటికెన వేలంత పొడుగు చీలిక, నోరు తెరిచి.

మెకానిక్ ముందుకు వంగాడు. "నాకు అప్పుడే అనుమానం ఉండె. పైపు చూడాలనే బానెట్టు ఎత్తినా. కానీ ముడుపమ్మా, ఎట్ల ముట్టుకునేది?"

"దండం పెట్టి మూసేసినావు! చెప్పొచ్చు కదా!"

"చెప్తే నువ్వు విప్పుదువు."

నిజమే. విప్పుదును.

"ఇంజను స్టార్ట్ చెయ్యి నాయనా" అన్నాను.

ఆయన ఎక్కి తాళం తిప్పాడు. చీలికలోంచి బుస్సుమని శబ్దం, పడగ విప్పిన పాములా.

"బ్రేకు తొక్కు."

"దిగలేదు. రాయి."

నేను బొటనవేలు ఆ చీలిక మీద పెట్టి గట్టిగా నొక్కాను. బుస ఆగింది. "ఇప్పుడు తొక్కు."

నాయన తొక్కాడు. నేను వేలు తీశాను. మళ్ళీ బుస. పెట్టాను. ఆగింది. నాయన దిగి వచ్చాడు. నా వేలి కింద పైపునూ, నా వేలినీ చాలాసేపు చూశాడు.

"వెన్నలాగ దిగిందప్పా" అన్నాడు, ఎవరితో అని కాకుండా.

అంతమంది ముందు అరవకుండా, గొడవ పడకుండా, ఒక్క బొటనవేలితో గెలిచాను. నా జీవితంలో నేను నోరు తెరవకుండా గెలిచింది అదొక్కటే.

అప్పటికి మాకు ఇంకొకటి అర్థమైంది. ఇన్నాళ్ళూ ఆ గుడ్డ బిగువే చీలికను మూసి ఉంచింది. ఇంజను బాగా వేడెక్కి పైపు మెత్తబడితేనే అది నోరు తెరిచేది.

"చూసినావా, ఆ స్వామే కాపాడినాడు" అన్నాడు తాత.

"దాచిపెట్టింది కూడా ఆ స్వామే" అన్నాను. మేడ మీద నుంచి అమ్మ మళ్ళీ ఏదో అంది. ఈసారి అందులో నవ్వు ఉండింది.

మిగిలింది సర్వీసు సెంటరు. ఫోన్ ఎత్తినాయన చాలా మర్యాదగా, "మేడమ్, సిస్టమ్‌లో పని అయిపోయినట్టు క్లోజ్ అయింది, నేనేమీ చేయలేను" అన్నాడు. నేను వీడియో పంపాను. చూశాడు. "సరే, బండి తీసుకు రండి" అన్నాడు.

"బ్రేకు లేని బండిని ఎట్లా తీసుకు రమ్మంటారు? నా బొటనవేలు బానెట్ కింద పెట్టి తోలుకు రావాలా?"

వెనక ఎవరో నవ్విన చప్పుడు. లారీ పంపిస్తామన్నాడు ఆయన. మర్నాడు పొద్దున, నాయన బండి తీస్తానన్న వేళకు, మా సందు మొదట్లో బండిని ఎత్తుకుపోయే లారీ నిలబడి ఉంది. సందులోకి పట్టక అక్కడే ఆగింది. మా పికప్‌ను మేమే తోసి దాని దగ్గరికి చేర్చాం. మా నాయన కూడా తోశాడు. టైలర్లకు ముందే నేను మెసేజ్ పెట్టాను: ఈరోజు సరుకు రాదు, అరవాలంటే నాకు ఫోన్ చేయండి. ఎవ్వరూ చేయలేదు.

తాత కాడుగోడి నుంచి ఉతికిన చొక్కా వేసుకుని నేరుగా సర్వీసు సెంటరుకే వచ్చాడు. ఇన్‌చార్జి ఆ క్యాంపు నాటి కాగితం తీసి బల్ల మీద పెట్టి తాతను అడిగాడు. "ఇది మీ సంతకమేనా అజ్జా?"

"నాదే. బండిని ముట్టుకోనీయకుండా సైను చేసింది నేను. తప్పు నాది."

"పని చేయకుండానే సైన్ ఎందుకు చేశారు?"

"మర్యాదకు."

ఇన్‌చార్జి నా వైపు చూశాడు. నేను భుజాలెగరేశాను. తాత సంచిలోంచి ఆ పసుపు గుడ్డ తీసి చూపించాడు. అంతవరకూ సిస్టమ్ సిస్టమ్ అన్న మనిషి కుర్చీ వెనక్కి జరిపి, లేచి, దానికి దండం పెట్టాడు. తర్వాత ఒక తెల్ల కాగితం ఇచ్చాడు. తాత జరిగింది జరిగినట్టు రాయించి, కింద మళ్ళీ సైను చేశాడు. ఈసారి నేను పక్కన నిలబడి ప్రతి అక్షరం చదివాకే చేయనిచ్చాను. మూసిన కేసు మళ్ళీ తెరుచుకుంది. నా ఫోన్లో పచ్చ టిక్కు పోయి, ఎర్ర గుర్తు వచ్చింది. ఎర్ర రంగు చూసి అంత సంతోషం నాకెప్పుడూ కలగలేదు.

మధ్యాహ్నానికి కొత్త పైపు పడింది. తెల్ల గీత ఈ చివర నుంచి ఆ చివరకు. పచ్చ టిక్కు మళ్ళీ వచ్చింది. ఈసారి నమ్మాను, ఎందుకంటే బానెట్ కింద తల పెట్టి నిలబడి చూసింది నేను. వీడియోను ఓనర్ల గ్రూపులో పెట్టాను. సాయంత్రానికి ఇద్దరు రాశారు, వాళ్ళ బండ్లలో కూడా ఆ పైపుకే ఏదో కట్టి ఉందని, ఒకరిది తాయెత్తు, ఇంకొకరిది నల్ల దారం. విప్పి చూసుకుంటామన్నారు.

తిరిగి వచ్చేటప్పుడు ముగ్గురం ముందు సీట్లోనే ఇరుక్కున్నాం. మధ్యలో తాత, ఒళ్ళో కొత్త పసుపు గుడ్డలో కట్టిన అదే రూపాయి బిళ్ళ. మొదటి సిగ్నల్ ఎర్ర పడింది. నాయన బ్రేకు తొక్కాడు. బండి మెత్తగా ఆగింది. ఆగాక కూడా తొక్కుతూనే ఉన్నాడు, వదిలి, మళ్ళీ తొక్కి, మళ్ళీ వదిలి. పచ్చ పడింది. వెనక హారన్లు. ఆయన ఇంకా తొక్కుతున్నాడు.

"పో అప్పా, నాకు బస్సు ఉండాది" అన్నాడు తాత.

"యాడికి?"

"కొండకు. ఇంగ ఇంటికి పోయేదేముండాది?"

మెజెస్టిక్ బస్టాండులో దించాం. నడుము వంగిన మనిషి, కానీ ఆ జనంలోకి ఎంత వేగంగా నడిచి పోయాడంటే, మోకాలి ఆపరేషను సంగతి నాకు అబద్ధమేమో అనిపించింది.

తర్వాతి సోమవారం మళ్ళీ చిక్కపేట. మళ్ళీ ఎండ, మళ్ళీ జనం, మళ్ళీ ముందు ఒక తోపుడు బండి. అదే మనిషి. అరగంటగా నిలబడి నిలబడి ఇంజను మండిపోతోంది. సరిగ్గా మునుపు బ్రేకు మొండికేసిన వేడి. నేను ఫోన్లో ఒక టైలరుతో మాట్లాడుతూ, చూపు మాత్రం నాయన పాదం మీద పెట్టి కూర్చున్నాను. తోపుడు బండి టక్కున ఆగింది. నాయన పాదం కొంచెం వంగింది, అంతే. మా బండి రెండు బారల దూరంలో ఆగింది.

ఆ మనిషి వెనక్కి తిరిగి చూసి మమ్మల్ని గుర్తుపట్టాడు. "ఏమప్పా, ఈరోజు నన్ను వదిలేసినావే?"

నాయన కిటికీలోంచి తల బయట పెట్టాడు. "మా పాప బాగు చేయించింది. కంపెనీవాళ్ళు కాదన్నా వదల్లేదు. నేను కాదన్నా వదల్లేదు" అన్నాడు, సందు సందంతా వినబడేటట్టు.

నేను ఫోన్లోంచి తల ఎత్తలేదు. విననట్టే కూర్చున్నాను, ఇంకోసారి చెప్తాడేమోనని.